డెస్క్‌వాళ్ల మాటలు, ఒక పాత కంట్రిబ్యూటర్ చెబితే

"మా మండలానికి ఓ పేపర్‌లో కంట్రిబ్యూటర్‌గా చేరాను. డెస్క్‌వాళ్లు లీడ్, డేట్‌లైన్, బాక్స్ అంటుంటే తల ఊపుతున్నాను గానీ ఏమీ అర్థం కావడం లేదు" అని అడిగారు కదా. శ్రీకాకుళం జిల్లాలో నేనూ కొన్నేళ్లు అలా తల ఊపినవాణ్నే. డెస్క్ అంటే మనం పంపిన వార్తల్ని ఆఫీసులో దిద్ది పేజీలో పెట్టేవాళ్లు.

ముందు లీడ్ సంగతి. అంటే వార్తలో మొదటి పేరా. కొందరు ఇంట్రో అంటారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి అందులోనే తేలిపోవాలి. ఇది నాకు తిత్లీ తుపానప్పుడు గానీ తలకెక్కలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. మర్నాడు ఉద్దానంలో ఓ ఊరికి బయల్దేరాను. కొబ్బరిచెట్లు దారికడ్డంగా పడి ఉంటే బండి వదిలేసి సగం దూరం నడిచాను. కూలిన జీడిచెట్ల లెక్క రాసుకుంటుంటే ఒక ముసలామె వచ్చి, "ఏటి రాస్తన్నావు బావూ, తాగడానికి నీల్లు నేవు" అంది. కరెంటు లేదు, మోటార్లు తిరగడం లేదు. ముగింపు బాగుంటుందని ఆ మాటను వార్త చివర్లో పెట్టాను. జాగా చాలక డెస్క్‌లో కింది నుంచి కోసేశారు. తెల్లారి పేపర్లో జీడిచెట్లు ఉన్నాయి, నీళ్ల ఊసు లేదు. సబ్‌ఎడిటర్‌ని ఏమనగలం? డెడ్‌లైన్ నెత్తి మీదుంటే ఎవరైనా కింది నుంచే కోస్తారు. తలకిందుల పిరమిడ్ అని వాళ్లు అనేది దీన్నే: ముఖ్యమైనది పైన, పోయినా ఫర్వాలేనిది కింద.

డేట్‌లైన్ అంటే తేదీ అనుకునేరు. వార్త ఏ ఊరి నుంచి వచ్చిందో మొదట్లో వేసే ఆ ఊరి పేరు. తేదీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అలవాటు కొద్దీ 'శ్రీకాకుళం జిల్లా రాజాం' అని రాసి పంపి చీవాట్లు తిన్నవాళ్లు నాకు తెలుసు.

బైలైన్ అంటే రాసినవాళ్ల పేరు. కంట్రిబ్యూటర్‌కి అది దక్కడం అరుదు, ఆశ పెట్టుకోకండి. పేజీ పైన ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకునే హెడ్డింగ్ బ్యానర్. నిన్నటి వార్తకు కొనసాగింపు ఫాలోఅప్. చుట్టూ గీత గీసి విడిగా వేసే చిన్న వార్త బాక్స్. ఆ ముసలామె మాటను బాక్స్ అని రాసి విడిగా పంపి ఉంటే బతికేదేమో.

మీకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట మాత్రం 'మిస్సింగ్'. అవతలి పేపర్లో వచ్చి మన పేపర్లో రాని వార్త. ఇంకా టీ కూడా తాగకముందే ఫోన్ మోగుతుంది.

ఇక లైన్ అకౌంట్. అచ్చయిన వార్తల కొలతను బట్టి ఇచ్చే డబ్బు. నాకైతే పెట్రోలు ఖర్చుకే చాలేది కాదు. మీ వార్తల కటింగ్‌లు రోజూ తేదీ వేసి దాచుకోండి. నెలాఖరున కొలతలో తేడా వస్తే చూపించడానికి మీ దగ్గర ఉండేవి అవే.