రెండు బకెట్లు, ఒకే ట్రాక్టరు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఇరవై నిమిషాలు నీ పెళ్లి గురించి, పది నిమిషాలు నీ చెత్త గురించి. విశాఖ బదిలీ అయి పట్టుమని నెల కాలేదు, అప్పుడే మూడు నెలల్లో వార్డు మొత్తం తడి చెత్త, పొడి చెత్త నూటికి నూరు శాతం వేరు చేయిస్తానని మీటింగులో లేచి చెప్పావట. అందరూ చప్పట్లు కొట్టారట. సంబంధాల వాళ్లకు మీ అమ్మ "అమ్మాయి ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ" అని చెబుతోంది, ముందున్న శానిటేషన్ అన్న ముక్క మింగేస్తోంది. దానికి నువ్వేం బాధపడకు. నేను ముప్పై నాలుగేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తే, మా అత్తగారు పోయేదాకా "అల్లుడు హెల్తు డిపార్టుమెంటు" అనే చెప్పుకుంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను. గర్వంగానే ఉందే. మన ఇంట్లో నా తర్వాత తెల్లవారుజామున ఐదున్నరకి, కార్మికుల హాజరు తీసుకునే మస్టర్ దగ్గర నిలబడేది నువ్వే. కానీ ఆ "మూడు నెలలు", ఆ "నూటికి నూరు" రాత్రంతా చెవిలో మోగుతూనే ఉన్నాయి. వాట్సాప్‌లో వాయిస్ పెడితే సగం విని వదిలేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. మస్టర్‌కి కార్మికుల కంటే ముందు వెళ్లు. మేస్త్రీని నలుగురిలో తిట్టకు. బండి ఏ వీధికి ఎన్నింటికి రావాలో అన్నింటికే రావాలి. అరగంట ఆలస్యమైతే ఆఫీసుకెళ్లేవాళ్లు కవరు ముడేసి కాలవలో పడేసి పోతారు, ఆ పూడిక తీయించేదీ నువ్వే. టిఫిన్ హోటళ్ల సాంబారు కవర్ల గురించి గొడవ పడేటప్పుడు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద విశాఖలో 2022 జూన్ 5 నుంచే నిషేధం ఉందనీ, దేశమంతటా కొన్ని వస్తువుల మీద జులై 1న వచ్చిందనీ తేదీలతో సహా చెప్పు. తేదీ చెబితే యజమాని కాస్త తగ్గుతాడు. చెత్త పన్ను 2021లో పెట్టి 2024లో తీసేసేదాకా గుమ్మాల దగ్గర తిట్లు తిన్నది మీ సెక్రటరీలే కదా. ఆ తిట్ల బాకీ ఇంకా కొన్ని ఇళ్లలో ఉంటుంది. ఓపిక పట్టు.

ఇక నీ మూడు నెలల సంగతి.

విశాఖ బాగుపడలేదని నేను అనను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిన మూడోరోజు మీ అత్త తమ్ముణ్ని చూడ్డానికి వస్తే, ఊరు ఊరంతా చెట్లు వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. ఆ తర్వాత వీధి దీపాలన్నీ ఎల్ఈడీకి మారాయి. ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ల మీద 2018లో సోలార్ పలకలు తేలేశారు, 2 మెగావాట్లు. మీ అత్తను తీసుకెళ్లి చూపించా. "నీళ్లలో కరెంటేమిటండీ, షాక్ కొట్టదూ" అంది. అవన్నీ మంచి పనులే. కానీ దీపం ఒకసారి మారిస్తే కొన్నేళ్లు వెలుగుతుంది, పలక ఒకసారి బిగిస్తే ఎండ కాసినప్పుడల్లా పనిచేస్తుంది. నీ పని అలాంటిది కాదు. ఇవాళ సాయంత్రానికి శుభ్రం చేస్తే రేపు తెల్లారేసరికి ప్రతి ఇంట్లోనూ మళ్లీ పుడుతుంది. మళ్లీ ప్రతి మనిషీ వేరు చేయాలి. చిరాకున్న రోజు కూడా, చుట్టాలొచ్చిన రోజు కూడా.

అందుకే ఊళ్ల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మీ ఊరి ర్యాంకు చూడు, అచ్చం వైకుంఠపాళి. 2017లో 3, మరుసటి ఏడు 7, 2019లో పాము మింగి 23, మళ్లీ 2020లో 9. నాలుగేళ్లూ అదే జనం, అదే కార్మికులు.

1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఎక్కడో గుజరాత్‌లో వస్తే మా ఊళ్లో ముక్కులకు రుమాళ్లు కట్టుకు తిరిగారు. రెండేళ్లుగా నేను తోపుడు బళ్లు అడుగుతుంటే ఫైలు కదల్లేదు, అలాంటిది నాలుగు రోజుల్లో బళ్లూ వచ్చాయి, లారీడు బ్లీచింగూ వచ్చింది. భయం సంతకం పెట్టినంత త్వరగా ఏ ఆఫీసరూ పెట్టడు! అదే సూరత్‌కి మరుసటి ఏడు ఎస్.ఆర్. రావు గారు కమిషనర్‌గా వెళ్లి ఊరి రూపు మార్చారు. 2023 సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి అది దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ప్లేగు నుంచి అక్కడికి దాదాపు ముప్పై ఏళ్లు. నువ్వేమో మూడు నెలలంటున్నావు.

కోపం తెచ్చుకోకు. నేనూ ఒకప్పుడు మూడు నెలలే అన్నాను. ఈ ఉత్తరం అసలు ఆ సంగతి చెప్పడానికే. మీ అత్తకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2000లో మున్సిపల్ చెత్త రూల్స్ వచ్చాయి. 2003 డిసెంబరు కల్లా ప్రతి ఊరూ చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లు పెట్టుకోవాలన్నారు. చాలా ఊళ్లు పెట్టుకోలేదనుకో. ఆ రోజుల్లో సూర్యాపేట పేరు మోగిపోయింది. కమిషనర్ ఖాదర్ సాహెబ్ గారు వీధుల్లో కుండీలే లేకుండా చేశారని, తడి చెత్తతో ఎరువు చేస్తున్నారని. మమ్మల్నీ బస్సులో తీసుకెళ్లి చూపించారు. ఇళ్ల ముందు బకెట్లు చూశాను. ఎంత ముచ్చటేసిందో! బండి వెనకాల ఏం జరుగుతోందో, షెడ్డులో ఎవరు ఏం చేస్తున్నారో అడగాలని మాత్రం తోచలేదు. మధ్యాహ్నం భోజనం చేసి బస్సెక్కేశాను.

మా ఊరొచ్చి (ఏ ఊరో రాయను) ఒక పేట పట్టుకున్నాను. ఇంటికి రెండేసి బకెట్లు. డ్వాక్రా ఆడవాళ్లను వెంటబెట్టుకుని పది రోజులు గుమ్మం గుమ్మం తిరిగాను. జనం వినరంటారు కానీ ఎంత బాగా విన్నారనుకున్నావ్! ఆ పేటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేది. పాల ప్యాకెట్లు అంచు కత్తిరించి, కడిగి, బట్టలారేసే తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసేది. చీరల పక్కన వరసగా పాల ప్యాకెట్లు. ఆరాక మడిచి, రబ్బరు బ్యాండేసి పొడి బకెట్లో పెట్టేది.

నా ట్రాక్టరుకేమో తొట్టి ఒకటే. మధ్యలో రేకు అడ్డం పెట్టించాలని ఎస్టిమేటు వేసి పంపాను. శాంక్షన్ కాలేదు. రేకు వచ్చాక మొదలుపెడదామా, ఇప్పుడే మొదలుపెడదామా అని ఒక్క పూట ఆలోచించాను. ఊపు మీదున్నాం కదా, రేకుదేముంది, వెనకాలే వస్తుందిలే అనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. ఆ ఒక్క పూటలో.

పదకొండో రోజు ఆ టీచరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. మా వాడు ఒక చేత్తో తడి బకెట్, రెండో చేత్తో పొడి బకెట్ పట్టుకుని రెండూ ఒకే తొట్టిలో గుమ్మరించాడు. మడిచిన పాల ప్యాకెట్ల మీద పప్పుచారు. ఆవిడ అరవలేదు. నా వైపు తిరిగి, "ఇన్‌స్పెక్టర్ గారూ, మరి నేను కడిగింది దేనికండీ?" అంది. నెమ్మదిగానే అడిగింది. నెల తిరిగేసరికి ఆ పేటలో రెండో బకెట్లో బియ్యం పోసుకున్నారు.

ఇంతవరకూ అయితే తెలివితక్కువతనం అనుకోవచ్చు. తర్వాత చేసింది వేరు. నేను అప్పటికే పైకి "80 శాతం" అని రాసిచ్చేశాను. చూడ్డానికి ఒక టీమ్ వస్తోందని కబురొచ్చింది. ముందు రోజు రాత్రి షెడ్డు వెనకాల రెండు ట్యూబులైట్లు వేయించి, నలుగురు ఆడ కార్మికులను కూర్చోబెట్టి, కలిసిపోయిన గుట్టను చేత్తో వేరు చేయించాను. గ్లోవ్స్ లేవు. ఉన్న రెండు జతలు మగవాళ్ల సైజువి, వేళ్లు జారిపోతుంటే విప్పి పక్కన పెట్టేశారు. పదకొండు గంటలప్పుడు ఒకామె "అబ్బా" అంది. ఏదో క్లినిక్‌దో, ఏ ఇంటిదో, సిరంజి సూది అరచేతిలో దిగింది.

నేనేం చేశానో తెలుసా? డెట్టాల్ సీసా ఇచ్చి "కడుక్కో, ఏం కాదు" అన్నాను. పొద్దున టీమ్ వచ్చింది. ఫొటోలు తీసుకుంది. ఆ మర్నాడు ఆదివారం. ఆమెను స్కూటర్ మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది నాలుగో రోజు. అక్కడ డాక్టరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇలా గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకకుండా మందు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే పనిచేయదని చెప్పాడు. ఆమెకు చంటిపిల్ల. రక్త పరీక్ష మూడు నెలలప్పుడు ఒకసారి, ఆరు నెలలప్పుడు ఒకసారి. భయంతో పిల్లకు పాలివ్వడం మానేసింది. జీతంలో సగం పాల డబ్బాలకే పోయేది. నేను రెండు డబ్బాలు కొనిస్తే తీసుకుంది. నా మొహం చూడలేదు. రెండుసార్లూ ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. దేవుడి దయ అందాం, నాది మాత్రం కాదు. ఇప్పుడామెకు మనవలున్నారు, అందుకే పేరు రాయడం లేదు.

ఆ ఏడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేమ్ కట్టించి గోడకు పెడదామని మీ అత్త ఎన్నిసార్లు అడిగిందో. ట్రంకు పెట్టె అడుగున ఉంది.

అందుకని అమ్మలూ, బకెట్ల దగ్గర మొదలుపెట్టకు. చివర నుంచి వెనక్కి రా. పొడి చెత్త ఏ షెడ్డుకి వెళ్తోంది, అక్కడ కొనేవాడున్నాడా? తడి చెత్త ఎరువవుతోందా, లేక కాగితం మీదే అవుతోందా? నీ బండిలో అడ్డం ఉందా, డ్రైవరు ఆ అడ్డాన్ని పట్టించుకుంటున్నాడా? వారం రోజులు బండి వెనకాల నీ స్కూటీ వేసుకుని చివరి దాకా వెళ్లి చూడు. అంతా చూశాకే రెండు వీధులు తీసుకో. రెండంటే రెండే. రిజిస్టర్లో ఉన్నదే రాయి. నలభై ఇళ్లలో పదిహేను వేరు చేస్తే పదిహేనే. ఎవరైనా సణిగితే సణగనీ. మీటింగులో చెప్పిన ఆ నూటికి నూరు గురించి రేపే వెళ్లి, "సార్, తొందరపడ్డాను" అని చెప్పు. ఇప్పుడైతే కాస్త నామోషీ, అంతే. రిపోర్టు ఇచ్చాక అయితే నాలాగా రాత్రి పూట ట్యూబులైట్లు వేయించాల్సొస్తుంది.

"కాపులుప్పాడలో చెత్త కాల్చి కరెంటు చేస్తున్నారుగా, ఇంకా వేరు చేయడం దేనికి" అని అపార్ట్‌మెంట్ల వాళ్లు తప్పకుండా అడుగుతారు. అది 15 మెగావాట్ల ప్లాంటు, 2022 నుంచి నడుస్తోంది, నిజమే. తడి కట్టెలతో పొయ్యి ముట్టించి కళ్లు ఎర్రగా చేసుకున్న మీ అమ్మమ్మ కథ చెప్పు వాళ్లకి. అన్నం మెతుకులు, కొబ్బరి బొండాలు కలిసిన చెత్త సరిగ్గా మండదు, ముందు దాని తడి ఆర్చడానికే బోలెడు వేడి ఖర్చయిపోతుంది. పైగా 5000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని 2016 రూల్స్‌లోనే రాశారు. మర్యాదగా చెప్పు, కాగితం చూపించి చెప్పు.

సూదుల గురించి మాత్రం మర్యాద వద్దు, గట్టిగా చెప్పు. ఇప్పుడు వీధికి పది ఇళ్లలో ఇన్సులిన్ ఉంటోంది. నేనూ వేసుకుంటున్నా. మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన ఎర్ర టేపు చుట్టి విడిగా ఇస్తా. శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి ఎర్ర చుక్క పెట్టమని పుణేలో నేర్పారు, అది నీ వార్డులోనూ నేర్పు. ఆడపిల్లవి, నువ్వు చెబితే వింటారు. మేం చెప్పలేక ముప్పై ఏళ్లు నీళ్లు నమిలాం. నీ కార్మికులందరికీ హెపటైటిస్ బి టీకా పడిందో లేదో అడుగు. ఆరు నెలల్లో మూడు డోసులు, మూడూ పడాలి. రెండోది వేయించుకుని మూడోది మర్చిపోతారు, కాబట్టి తేదీలు నువ్వే రాసుకో. ఎవరికి గుచ్చుకున్నా రిజిస్టరూ మేస్త్రీ సంతకమూ తర్వాత, ముందు బండెక్కించి కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లు. ఇన్‌స్పెక్షన్ ఉన్నా సరే, ముఖ్యమంత్రి గారే వస్తున్నా సరే.

ఆ టీకా నువ్వు కూడా వేయించుకోవే. ఖాళీ కడుపుతో మస్టర్‌కి వెళ్లకు, కనీసం రెండు ఇడ్లీలైనా తిను. పెళ్లి సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతా. ముందు శానిటేషన్ అనే మాట వినిపించినా కూర్చునే ఉండే సంబంధం చూడమని చెబుతా.

ఆర్టీసీ పార్శిల్లో పెట్టె పంపిస్తున్నా. పైన ఆవకాయ సీసా, మీ అత్త పెట్టింది, నూనె కారకుండా రెండు కవర్లు కట్టింది (నిషేధం సంగతి చెప్పాను, వినలేదు). కింద పన్నెండు జతల గ్లోవ్స్ ఉన్నాయి, అన్నీ చిన్న సైజు. షాపువాడు చిన్నవి అమ్ముడుపోవని తెప్పించడట, చెప్పి తెప్పించాను. మీ ఆడవాళ్ల చేతులకు సరిపోతాయో లేదో వేయించి చూడు. అరచేతి వెడల్పు టేపుతో కొలిచి ఒక్కొక్కరిదీ రాసి పంపు. తక్కువైనవి వచ్చే వారం పంపిస్తా.

మామయ్య