అమ్మమ్మ గారి సూదులు, వెంకటగిరి చీర

అక్కా, కావలిలో మీ కుట్టుగదిలో అమ్మమ్మ గారి సూదులు తుప్పు పడుతున్నాయని, ఆవిడ వెంకటగిరి చీర జరీ నల్లబడిందని, దాని అంచు కత్తిరించి ఫ్రేమ్ కట్టించాలని ఉందని రాశారు, ఫోటో కూడా పంపారు. టెన్షన్ పడకండి. మన వైపు సముద్రపు గాలికి తేమ ఎక్కువ. సూదులు దూదిదిండుకు గుచ్చి ఉంచొద్దు, దూది తేమ పీలుస్తుంది. ఒక్క చుక్క మిషన్ ఆయిల్ రాసిన గుడ్డకు గుచ్చి, బిగుతు మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. కుట్టే ముందు నూనె తుడవాలి. వేలికి గరుకుగా తగిలే సూదితో మాత్రం పట్టు కుట్టకండి, పోగులు లేచిపోతాయి. దాన్ని గుర్తుగా దాచుకోండి.

జరీలో వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. చింతపండుతో రుద్దితే ఉన్న పూత కూడా పోతుంది. నాఫ్తలీన్ ఉండలు, ప్లాస్టిక్ కవరు తీసేసి, ఉతికిన పాత పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. ఫోటోలో ఆ అంచు ఎంత బాగుందో! ఫ్రేమ్ కోసం దయచేసి కత్తిరించకండి.