మార్కెట్ పడుతుందని భయమైతే షార్ట్ చేయాలా, అమ్మాలా?

ప్రశ్న: మాది గుంటూరు. పట్నంబజారులో బట్టల కొట్టు ఉంది. పదేళ్లుగా కొంటూ వచ్చిన షేర్ల విలువ ఇప్పుడు రూ.18 లక్షలు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. ఇంజినీరింగ్‌లో చేర్చే నాటికి ఫీజుకు, హాస్టల్‌కు కలిపి రూ.6 లక్షలు కావాలి. మార్కెట్ పడేలా ఉందని టెన్షన్‌గా ఉంది. నిఫ్టీ ఫ్యూచర్స్ షార్ట్ చేస్తే పడినా డబ్బులొస్తాయని పక్క కొట్టు ఆయన అంటున్నారు. చేయమంటారా?

జవాబు: వద్దండి. ఎందుకో లెక్కతో చెబుతాను. షార్ట్ చేయడమంటే ముందు అమ్మి, ధర పడ్డాక తిరిగి కొనడం. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. ఫ్యూచర్స్ అంటే ఆ సూచీని ముందు తేదీకి ఇంత ధరకు కొంటామనో అమ్ముతామనో ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందం.

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకోండి. ఒక లాట్ (కనీసంగా చేయాల్సిన బేరం) అంటే 65 యూనిట్లు, అంటే రూ.16.25 లక్షల బేరం. దీనికి సుమారు రెండు లక్షల మార్జిన్ (బయానా లాంటి డిపాజిట్) కట్టి షార్ట్ చేయవచ్చు. నిఫ్టీ 100 పాయింట్లు పడితే మీకు రూ.6,500 వస్తుంది, పెరిగితే అంతే పోతుంది. నా షేర్లు కూడా పెరుగుతాయి కదా అని మీరనవచ్చు. నిజమే, కానీ ఆ లాభం కాగితం మీద ఉంటుంది. ఫ్యూచర్స్ నష్టం మాత్రం ఏ రోజుకారోజు నగదుగా కట్టాలి. షేర్లను ప్లెడ్జ్ (తాకట్టు) పెట్టి మార్జిన్ తెచ్చుకున్నా ఈ నగదు తప్పదు. సర్దలేకపోతే బ్రోకర్ మీ పొజిషన్‌ను (నడుస్తున్న బేరాన్ని) మూసేస్తాడు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. 7వ తేదీ ముగింపుకల్లా పడకముందున్న చోటికి మళ్లీ వచ్చేసింది. 4వ తేదీ సాయంత్రం భయంతో షార్ట్ చేసినవాళ్ల పరిస్థితి ఊహించండి.

అసలు రూ.18 లక్షల షేర్లకు ఎదురుగా ఒక లాట్ షార్ట్ చేస్తే, పడినా పెరిగినా మీకు మిగిలేది పెద్దగా ఉండదు. దాదాపు అమ్మేసినట్టే. అమ్మితే ఈ టెన్షన్ కూడా ఉండదు.

పుట్ ఆప్షన్ కొనడం ఇంతకంటే నయం. ఇది బీమా పాలసీ లాంటిది, కట్టిన ప్రీమియం కంటే ఎక్కువ పోదు. 24,500 పుట్ అంటే, నిఫ్టీ ఎంత పడినా 24,500కు అమ్ముకునే హక్కు. నెల రోజుల 24,500 పుట్ యూనిట్‌కు రూ.200 చొప్పున దొరికిందనుకుంటే లాట్‌కు రూ.13,000. ఎక్స్‌పైరీ (గడువు తేదీ) నాటికి నిఫ్టీ 23,500కు పడితే చేతికి రూ.65,000 వస్తుంది, ప్రీమియం పోగా రూ.52,000 లాభం. అదే 24,600 దగ్గర ఆగితే? మార్కెట్ 400 పాయింట్లు పడింది, మీ అంచనా నిజమైంది, అయినా రూ.13,000 మొత్తం పోయింది. ఎంత పడుతుందో, ఎప్పటిలోగా పడుతుందో కూడా సరిగ్గా చెప్పగలిగితేనే పుట్‌లో డబ్బు. నెలనెలా కొంటూ పోతే ఏడాదికి రూ.1.56 లక్షలు, మీ షేర్ల విలువలో సుమారు 8.7 శాతం. పైగా మీ దగ్గరున్నవి చిన్న కంపెనీల షేర్లయితే నిఫ్టీ పుట్ వాటికి సరిగ్గా కాపు కాయదు.

ఒక్కో షేరును ఇంట్రాడేలో షార్ట్ చేయడం కూడా ఉంది. మన దగ్గర లేని షేరును పొద్దున అమ్మి సాయంత్రంలోగా తిరిగి కొనాలి. అది అప్పర్ సర్క్యూట్‌కు (ఆ రోజుకు పెరగగల గరిష్ఠ ధరకు) తగిలి అమ్మేవాడు దొరక్కపోతే ఎక్స్ఛేంజ్ వేలంలో కొంటుంది, ఆ ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. కొట్లో గిరాకీ చూసుకుంటూ చేసే పని కాదిది. షేర్లు అరువు తెచ్చుకుని అమ్మే విధానం 2008 నుంచి ఉంది గానీ, అందులో లావాదేవీలు బాగా పల్చన.

పక్క కొట్టు ఆయన గెలిచిన రోజుల గురించే చెప్పి ఉంటారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో విడుదల చేసిన అధ్యయనంలో, అంతకుముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటున మనిషికి రూ.2 లక్షలు. మీ అమ్మాయి ఫీజులో మూడో వంతు అది.

ఫీజుకు కావలసిన రూ.6 లక్షల మేరకు షేర్లు అమ్మేయండి. మీకు నమ్మకం తక్కువున్న కంపెనీలతో మొదలుపెట్టండి. డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో (స్వల్పకాలిక అప్పు పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. మిగతా రూ.12 లక్షలు ఐదారేళ్ల దాకా అవసరం లేనివైతే కదపకండి, మధ్యలో పడినా మీ ఇంటి ఖర్చు ఆగదు. ఏడాది దాటిన షేర్ల లాభంలో ఏటా రూ.1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని కొన్ని మార్చి 31 లోపు, మిగతావి ఏప్రిల్ మొదట్లోనే అమ్మితే రెండేళ్ల మినహాయింపూ వాడుకోవచ్చు. లాభం రూ.1.25 లక్షల లోపే ఉంటే మాత్రం ఏప్రిల్ దాకా ఆగకుండా ఈ వారమే అమ్మండి.