లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోవడం నిజంగా అంత కష్టమా?

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేద్దామనుకుంటే, ‘అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం నీ వల్ల కాదు’ అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారని రాశారు. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. రెండు సిస్టమ్‌లలో ఉబుంటు 22.04 (లైనక్స్‌లోనే ఒక రకం), ఒకదాంట్లో విండోస్. మామూలు సాఫ్ట్‌వేర్ల వరకు నాకు లైనక్సే తేలిక.

ఒకసారి విండోస్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీ కోసం వెతికి, పైన కనపడిన ఏదో సైట్‌లో పెద్ద పచ్చ బటన్ నొక్కాను. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయేసరికి అడగని ప్రోగ్రాములు రెండు దిగాయి, బ్రౌజర్ హోమ్‌పేజీ మారిపోయింది. కౌంటర్ ముందు పిల్లలు హాల్‌టికెట్ల కోసం నిలబడి ఉన్నారు. ఆ పూటంతా టెన్షనే. అసలు సైట్ నుంచి దించుకుంటే ఈ గొడవ ఉండదు, కానీ ఏది అసలుదో కొత్తవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఉబుంటులో ఆ వెతుకులాటే లేదు. సాఫ్ట్‌వేర్ స్టోర్ తెరిచి పేరు కొట్టి ఇన్‌స్టాల్ నొక్కడమే. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ విండోలో అయితే ‘sudo apt install vlc’ (సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ), ఒక్క లైను. పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద చుక్క కూడా పడకపోవచ్చు, కంగారుపడకుండా మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి. వీఎల్‌సీకి తోడు కావలసిన మిగతా ప్యాకేజీలన్నీ (సాఫ్ట్‌వేర్ ముక్కలు) అదే తెచ్చుకుంటుంది. అప్‌డేట్లు కూడా అన్నిటికీ ఒకేసారి వస్తాయి. విండోస్‌కూ ఇలాగే ఒక్క లైనుతో సాఫ్ట్‌వేర్ వేసే వింగెట్ ఉంది, 2021లో 1.0 వచ్చింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో దాన్ని వాడేవాళ్లను మాత్రం నేను చూడలేదు.

నాకు చుక్కలు కనపడింది ప్రింటర్ దగ్గర. ఉబుంటులో దాని డ్రైవర్ దించాను, అది పాత 32 బిట్ లైబ్రరీలు (అది నడవడానికి కావలసిన తోడు ఫైళ్లు) అడిగింది, అవి వేస్తే ఇంకోటి అడిగింది. రెండు రోజులు కూర్చున్నా పేజీ రాలేదు. చివరికి ప్రింటర్‌ను విండోస్ సిస్టమ్‌కే తగిలించాను. పెళ్లికార్డుల పేజ్‌మేకర్, షాపుల లెక్కల టాలీ కూడా విండోస్‌లో నడిచేవే, లైనక్స్ కోసం చేసినవి కావు. మీ రోజువారీ పని వాటితోనే అయితే విండోస్ తీసేయొద్దు.

ముందు ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’తో తెరవండి. వైఫై పట్టుకుంటుందో లేదో చూడండి, ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. రాకపోతే మోడల్ నంబర్ ఇక్కడే రాయండి, నాకు తెలిసినంత చెప్తాను.