శ్రావణికి, నీ బిల్డ్ స్క్రిప్ట్ చూశాక

శ్రావణీ,

కోడ్‌ను ప్యాకేజీగా తయారుచేసే నీ బిల్డ్ స్క్రిప్ట్ గురించి "నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది మామయ్యా, మ్యాక్ ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోతోంది" అన్నావు కదా, టెన్షన్ పడకు. మాదాపూర్‌లో పనిచేసే రోజుల్లో నేనూ ఈ గుంటలోనే పడ్డాను.

వెర్షన్ నంబరు మార్చడానికి ఫైల్లోని మాటలు మార్చే సెడ్ కమాండ్‌కు హైఫన్ ఐ (అదే ఫైల్లో మార్చమని), ఆ వెంటనే హైఫన్ ఈ (ఏం మార్చాలో చెప్పడానికి) పెట్టేవాణ్ణి. లినక్స్‌లో ఏ గొడవా లేదు. మ్యాక్‌లో ఎర్రర్ కూడా రాలేదు, కానీ మార్చిన ప్రతి ఫైలు పక్కనా పేరు చివర హైఫన్ ఈ తోకతో ఇంకో ఫైలు పుట్టింది. అక్కడి సెడ్ బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం నుంచి వచ్చింది, లినక్స్‌లోది వేరు. హైఫన్ ఐ తర్వాత ఏముంటే అదే బ్యాకప్ ఫైలు తోక అనుకుంటుంది. ఆ చెత్తంతా ప్యాకేజీలో కలిసి కస్టమర్‌ దాకా వెళ్లింది. ఆ వారం మా మేనేజర్ నాతో మాట్లాడలేదనుకో. అప్పటి నుంచి హైఫన్ ఐ జోలికి పోను. మార్చినదాన్ని వేరే ఫైల్లోకి రాసి, ఫైలు పేరు మార్చే ఎంవీ కమాండ్‌తో పాతదాని మీదికి తెస్తాను. రన్ పర్మిషన్ ఉన్న ఫైలైతే మళ్లీ పెట్టుకోవాలి, అంతే. ఏ ఓఎస్ అని అడగాల్సిన పనే లేదు.

నువ్వేమో ఏ ఓఎస్సో చెప్పే యూనేమ్ కమాండ్‌ను పదకొండు చోట్ల పిలిచావు. పడవ ఎక్కేవాణ్ణి "ఈత వచ్చా?" అని అడగాలి గానీ "ఏ ఊరు?" అని కాదు. కావాల్సిన టూల్ ఉందో లేదో "కమాండ్ హైఫన్ వీ" అని అడిగితే చెబుతుంది. ప్రాసెసర్ కోర్లు ఎన్నో గెట్‌కాన్ఫ్ కమాండ్ లినక్స్, మ్యాక్ రెండు చోట్లా చెబుతుంది.

లైబ్రరీ పేరు చివర ఎస్ఓనా (లినక్స్), డైలిబ్బా (మ్యాక్), డీఎల్ఎల్లా (విండోస్) అన్నప్పుడు మాత్రం ఓఎస్ తెలియాల్సిందే. పైన ఒక్కసారి అడిగి వేరియబుల్‌లో పెట్టుకో. మ్యాక్ తన పేరు డార్విన్ అంటుంది. విండోస్‌లో గిట్‌తో వచ్చే గిట్ బాష్ (కమాండ్లు నడిపే షెల్) అయితే మింగ్‌డబ్ల్యూ64 తర్వాత విండోస్ వెర్షన్ కూడా తగిలిస్తుంది, కాబట్టి పేర్లు పోల్చే కేస్‌లో చివర స్టార్ (తర్వాత ఏమున్నా సరే అని) పెట్టు. తెలియని పేరు వస్తే లినక్సే అయ్యుంటుందని ముందుకు పోకు, ఆ పేరు ప్రింట్ చేసి ఆపెయ్. ప్రాసెసర్ పేరూ అంతే: అదే ఆర్మ్ చిప్‌ను మ్యాక్ ఆర్మ్64 అంటుంది, లినక్స్ ఏఆర్క్64 అంటుంది.

స్క్రిప్ట్‌ను ఏ షెల్ నడపాలో చెప్పే మొదటి లైన్లో ఎస్‌హెచ్ అని రాసి, లోపల షరతులకు డబుల్ బ్రాకెట్లు వాడావు. ఉబుంటు లినక్స్‌లో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్, దానికి అవి తెలియవు. పోనీ బాష్ అని రాద్దామంటే, మ్యాక్‌తో వచ్చే బాష్ ఇప్పటికీ పాత 3.2 వెర్షనే, కొత్త సౌకర్యాలు దానికి తెలియవు.

ఆదివారం కూకట్‌పల్లి వచ్చెయ్. మీ అత్తయ్య పాత మ్యాక్ ఖాళీగానే ఉంటుంది, దాని మీద నడిపి చూద్దాం.

మామయ్య