మంత్రానికి వెల, కథకు ఊరు

చిరంజీవి శ్రావ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ‘రివర్స్ ఆఫ్ లండన్’ మీద నువ్వు రాసి పంపిన అభిప్రాయం రెండుసార్లు చదివాను. ఆరు వందల మాటల్లో నాలుగు వందల పైచిలుకు కథ చెప్పడానికే అయిపోయాయి. మిగతా వాటిలో ‘బాగుంది’ ఏడుసార్లు వచ్చింది. పుస్తకం నీకు నచ్చిందని తెలిసింది కానీ, ఎందుకు నచ్చిందో తెలియలేదు. అర్బన్ ఫాంటసీ, అంటే నేటి నగరాల్లో మంత్రాలు, పిశాచాలు తిరిగే కథల మీద రాసేవాళ్ళు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కథ జోరుగా నడుస్తుంది, అధ్యాయానికో పిశాచం వస్తుంది, చదివిన ఊపులో అదంతా ఎవరికైనా చెప్పేయాలనిపిస్తుంది. ఆ ఊపు ఆపుకుని రెండు సంగతులు పట్టుకో తల్లీ. ఈ నవలలో మంత్రానికి వెల ఏమిటి? ఈ ఊరు తీసేస్తే కథ నిలబడుతుందా? ఈ రెండిటికీ జవాబు దొరికితే అభిప్రాయం సగం రాసేసినట్టే.

చదవడం మొదలుపెట్టే ముందే ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకో. ఎడమ పేజీ మంత్రానికి, కుడి పేజీ ఊరికి. ఎడమ పేజీలో నిలువుగా మూడు గళ్ళు గియ్యి. మొదటి గడిలో రూలు, రెండో గడిలో దానికి ఎవరు ఏం చెల్లిస్తున్నారు, మూడో గడిలో పేజీ నంబరు. కిండిల్‌లో కొన్ని పుస్తకాలకి పేజీ నంబర్లే ఉండవు, అప్పుడు అధ్యాయం సంఖ్య రాసుకో. పుస్తకంలో కింద గీతలు గీయడం దీనికి పనికిరాదు. గీత గీస్తే రూలు మాత్రమే దొరుకుతుంది, రెండో గడి ఖాళీగా ఉండిపోయిందన్న సంగతి కంటికి కనబడదు. మొదటి వంద పేజీలు పూర్తయ్యేసరికి ఎడమ పేజీలో నాలుగైదు వరసలైనా చేరాలి. చేరలేదంటే రచయిత రూళ్ళని దాచిపెడుతున్నాడు, లేదా ఆయన దగ్గరే లేవు. రెండిట్లో ఏదో చివరి యాభై పేజీల్లో తేలిపోతుంది.

నీ పుస్తకాన్నే తీసుకుందాం. బెన్ ఆరోనోవిచ్ రాసిన ఆ నవల 2011లో వచ్చింది. అమెరికాలో అదే నవలని ‘మిడ్‌నైట్ రయట్’ పేరుతో వేశారు. ఈ ముక్క నీ అభిప్రాయంలో తప్పకుండా ఉండాలి, లేకపోతే రెండు వేరే పుస్తకాలనుకుని ఎవరో రెండూ కొంటారు. అందులో కానిస్టేబుల్ పీటర్ గ్రాంట్ మంత్రం వేస్తే దగ్గర్లో ఆన్‌లో ఉన్న ఫోను లోపలి చిప్పు పొడైపోతుంది. హద్దు మీరి మంత్రాలు వాడినవాళ్ళకి మెదడే దెబ్బతింటుంది. అలా పోయినవాళ్ళ మెదడు ఎలా ఉంటుందో డాక్టరు పీటర్‌కి చూపిస్తాడు కూడా. నువ్వు దీని గురించి ‘మ్యాజిక్ సిస్టమ్ చాలా కొత్తగా, బాగుంది’ అని రాసి వదిలేశావు. దాని బదులు ఇలా రాసి చూడు: ‘పీటర్ అరచేతిలో వెలుగు పుట్టిస్తే జేబులో ఫోను చచ్చిపోతుంది. అందుకే ఆపద ముంచుకొచ్చినప్పుడు సాటి పోలీసుల్ని పిలవడమా, మంత్రం వేయడమా అన్నది ముందే తేల్చుకోవాలి.’ రెండు వాక్యాలే. ‘బాగుంది’ అన్న మాట ఎక్కడా లేదు, అయినా చదివినవాడికి ఆసక్తి పుడుతుంది. ఈ కథల్లో రచయితని ఎక్కువ ఇబ్బంది పెట్టేది సెల్‌ఫోను. ఒక్క ఫోన్‌కాల్‌తో తీరిపోయే చిక్కుని మూడు వందల పేజీలు సాగదీయాలంటే దానికో కారణం కావాలి. ఆరోనోవిచ్ ఆ కారణాన్ని మంత్రం వెలలోనే కలిపేశాడు, ఆ పనితనాన్ని నువ్వు చూపించాలి.

ఇక కుడి పేజీ. వీధుల పేర్లు, చర్చిలు, స్టేషన్లు కనబడినప్పుడల్లా రాసుకో కానీ, ఎన్ని పేర్లు వచ్చాయన్నది లెక్క కాదు. ఆ చోటు చరిత్ర కథలో ఏ పని చేస్తోంది అన్నదే లెక్క. ఇప్పుడు భూమి కింద మురుగుకాలువలుగా పారుతున్న ఫ్లీట్, టైబర్న్ నదులు ఈ నవలలో థేమ్స్ నదీదేవతకి కూతుళ్ళు. నేరం లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో జరుగుతుంది. పంచ్ అనే దుడుకు బొమ్మ ఆడే బొమ్మలాటలాంటి ప్రదర్శనని, డైరీతో పేరుపొందిన శామ్యూల్ పెపీస్ 1662 మే నెలలో చూసి రాసుకున్న చోటు అదే. హంతకుడి తీరుకీ ఆ బొమ్మలాటకీ లంకె ఉంది. ఈ కథని ఎత్తుకెళ్ళి మాంచెస్టర్‌లో పెట్టు, నిలబడదు. అలా ఊరు మార్చి చూడడమే పరీక్ష. వాన, సందులు, నియాన్ బోర్డు వెలిగే బారు, ఒక పాత గిడ్డంగి, వీటితోనే నడిచే నవలలు కొల్లలు. పేజీల్లో ఊరిపేరు కొట్టేసి ఇంకోటి రాసినా వాటికి ఏమీ కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 మూసీ వరదలో నూటయాభై మందిని కొమ్మల మీద కాపాడిందని చెబుతారు. హైదరాబాద్ మీద ఇలాంటి నవల రాసేవాడు ఆ చెట్టుని పలకరించకుండా దాటిపోతే, అతను నవల రాసింది హైదరాబాద్ మీద కాదు.

రెండు పేజీలూ ఒకచోట కలిశాయా అని కూడా చూడు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదువు. షికాగోలో ఉండే మాంత్రికుడు హ్యారీ డ్రెస్డెన్ మీద జిమ్ బుచర్ రాసిన వరసలో ఏడోది, 2005 నాటి ‘డెడ్ బీట్’ నువ్వు చదివేశావు కాబట్టి గుట్టు విప్పి చెబుతున్నాను. శవాలను లేపే మంత్రగాళ్ళ కథ అది. శవం ఎంత పాతదైతే లేచినదానికి అంత బలం అని ముందే ఒక రూలు పెట్టాడు. లేచినదాన్ని అదుపులో ఉంచాలంటే గుండె చప్పుడులా ఆగకుండా డప్పు మోగాలన్నది ఇంకో రూలు. మనుషుల శవాల జోలికి వెళ్ళడం మాంత్రికుల చట్టంలో నేరం అన్నది మూడోది. మూడూ నీ ఎడమ పేజీలో వేరువేరు వరసల్లో పడతాయి. కుడి పేజీలో షికాగో ఫీల్డ్ మ్యూజియం ఉంటుంది. అక్కడ 2000 నుంచి ప్రదర్శనలో ఉన్న ‘సూ’ అనే టిరనోసారస్ డైనోసారు ఎముకల గూడు నిజంగా ఉన్నదే. మనిషి కాదు కాబట్టి చట్టానికి అడ్డు లేదు, ఆరున్నర కోట్ల ఏళ్ళ పైనాటిది కాబట్టి బలానికి తిరుగు లేదు. డ్రెస్డెన్ దాన్ని లేపి ఊళ్ళోకి నడిపిస్తే పాఠకుడు నోరు తెరుస్తాడు కానీ, ‘ఇదెక్కడి చోద్యం’ అనడు. మూడు రూళ్ళూ, ఒక మ్యూజియమూ కలిసి తెచ్చిన ముగింపు అది. మామూలు నవలలో ఇదే చోట హీరోకి లోపల ఎక్కడో దాగున్న శక్తి ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. నీ ఎడమ పేజీలో దానికి వరస ఉండదు. ముగింపు తేలిపోయిందని ఊరికే అనకు, ఆ శక్తి గురించి ముందు ఎక్కడా మాట లేదని చెప్పు.

అయితే ఈ గుట్టు పుస్తకం చదవనివాళ్ళ ముందు విప్పకూడదు. నాలుగు వందల పేజీల నవలైతే మొదటి వంద పేజీల్లో జరిగినదాని వరకే చెప్పు. ముగింపు గురించి చెప్పాల్సివస్తే ‘చివర జరిగేది షికాగోలో తప్ప మరెక్కడా జరగదు, దానికి కావలసిన రూళ్ళన్నీ ముందే ఇచ్చాడు’ అంటే చాలు. వరసలో ఐదో పుస్తకం మీద రాస్తున్నప్పుడు, నాలుగోదాంట్లో ఎవరు బతికారన్నది నీ మొదటి వాక్యంలోనే బయటపడిపోతుంది. అందుకని ఆ హెచ్చరిక అన్నిటికంటే పైన పెట్టు.

తెలుగులో రాసేటప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది. మన పాఠకులు ఈ నవలలకి యండమూరి ‘తులసిదళం’ చదివిన కళ్ళతో వస్తారు. అందులో చేతబడి బయటినుంచి ఇంటిమీదకి వస్తుంది, నమ్మకానికీ వైద్యానికీ మధ్య పోరు నడుస్తుంది, భయమే దాని ప్రాణం. అర్బన్ ఫాంటసీలో సందేహం రెండు మూడు అధ్యాయాల్లో తీరిపోతుంది. తర్వాత మంత్రం ఒక ఉద్యోగం. దానికి జీతం, పై అధికారి, రాతపని అన్నీ ఉంటాయి. కాబట్టి ‘భయం వేయలేదు’ అన్నది ఈ నవలకి తప్పు కొలత. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పేస్తే చదివేవాడు సరైన ఆశతో పుస్తకం తెరుస్తాడు.

మాటల ఎంపికలోనూ జాగ్రత్త. వాంపైర్‌కి రక్తపిశాచి సరిపోతుంది, వేర్‌వుల్ఫ్‌కి తోడేలు మనిషి. ఇంటిచుట్టూ మంత్రంతో కట్టే కాపలాకి మనకి ‘దిగ్బంధనం’ అని చక్కటి మాట ఉంది. కానీ పాశ్చాత్య జానపద కథల్లోని ‘ఫే’ అనే మాయజాతిని యక్షులనో అప్సరసలనో రాయకు. ఫే అబద్ధం ఆడలేరు, నిజాన్నే మెలితిప్పి మోసం చేస్తారు. ఇనుము తగిలితే కాలిపోతారు. వాళ్ళకి బాకీ పడితే తీరేదాకా వదలరు. మన యక్షులకి ఇవేవీ లేవు. పేరు మార్చావా, కథంతా ఆధారపడిన మూడు రూళ్ళూ చదివేవాడి బుర్రలోంచి జారిపోతాయి. ఫే అనే ఉంచి పక్కన ఒక వాక్యం వివరణ ఇవ్వు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. డ్రెస్డెన్ కథల్లో పిలవనిదే రాక్షసజాతి ఇంటి గడప దాటలేదు. కుటుంబం ఏళ్ళ తరబడి కాపురమున్న ఇంటికి గడప బలం ఎక్కువ, ఒంటరివాడి అద్దె గదికి తక్కువ. మాంత్రికుడైనా సరే, పిలవకుండా దాటితే తన శక్తిలో చాలావరకు వాకిట్లోనే వదిలి లోపలికి పోవాలి. పసుపు రాసి బొట్లు పెట్టే గడప తెలిసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. అక్కడ ‘థ్రెషోల్డ్’ అని రాస్తే నీ చేతిలో ఉన్న మంచి మాటని నువ్వే పారేసుకున్నట్టు.

ప్రేమకథ కలిసిన నవలలకి ఒక చిన్న పరీక్ష. ప్రేమ తీసేసి కథ చెప్పుకో. నేరం, వేట, ముగింపు నిలబడితే అది అర్బన్ ఫాంటసీ. కూలిపోతే అది పారానార్మల్ రొమాన్స్, దాన్ని ప్రేమకథగానే తూచాలి. రెండూ మంచివే. ఒకదాని తూకపురాయితో ఇంకోదాన్ని తూచడమే అన్యాయం.

ఉత్తమపురుషలో నడిచే కథల్లో ఇంకో మాట. డ్రెస్డెన్ ప్రతి ఆడమనిషినీ ముందు ఒంటి తీరుతోనే పరిచయం చేస్తాడని చాలామంది విసుక్కుంటారు, నాకూ ఆ విసుగు ఉంది. అయితే ఆ చూపు కథకుడిదా, రచయితదా అన్నది తేల్చకుండా రాయకు. ఆ చూపు వల్ల కథలో అతనికి ఏమైనా నష్టం జరిగిందా, పక్కవాళ్ళెవరైనా మొహం మీద అడిగారా అని చూడు. అడిగిన చోట్లు, అడగని చోట్లు పేజీ నంబర్లతో ఎదురెదురుగా పెట్టుకుంటే నీ ఫిర్యాదుకి బలం వస్తుంది.

వరస నవలల మీద తీర్పు ఒక్క పుస్తకంతో ఇవ్వకు. డ్రెస్డెన్ వరస 2000లో మొదలైంది. నా లెక్కలో మొదటి రెండూ పల్చన, మూడోదైన ‘గ్రేవ్ పెరిల్’ నుంచి చిక్కబడింది. మూడు చదివాకే వరస గురించి మాట్లాడు, అప్పటిదాకా ఆ పుస్తకం గురించే చెప్పు. పాత నోటుపుస్తకాలు దాచుకో. మొదటి నవలలో దీపం వెలిగిస్తేనే కళ్ళు తిరిగిన హీరో ఆరో నవలలో లారీని విసిరేసి నడిచిపోతే, శక్తి పెరిగినంత వెల కూడా పెరిగిందా అని రెండో గడి చూడు. పెరగకపోతే వరస చప్పబడడానికి కారణం అక్కడే ఉంటుంది.

రాయడానికి కూర్చోవడం పుస్తకం మూసిన మర్నాడు మంచిది, మూడు రోజులు దాటనివ్వకు. ముందు పుస్తకం, నోట్సు రెండూ పక్కన పెట్టి ఇరవై నిమిషాలు గుర్తున్నదే రాయి. గుర్తున్నదే నిన్ను తాకింది. తర్వాత నోట్సు తెరిచి పేర్లు, రూళ్ళు సరిచూడు. ఈ దశలోనే తప్పులు దొరుకుతాయి, ముఖ్యంగా పక్క పాత్రల పేర్లు, ఏ రూలు ఏ పుస్తకంలోది అన్నవి. మొత్తం ఐదు వందల మాటలు చాలు. అందులో కథకి వంద దాటనివ్వకు. వెలకి ఒక పేరా, ఊరికి ఒక పేరా, ఆధారంతో ఒక ఫిర్యాదు. ఉటంకింపు ఒక్కటి, రెండు లైన్లకి మించకుండా. వరసలో ఎన్నోది, ఏ ఏడాదిది, హింస ఏ మేరకుంది అన్నవి చివర రెండు వాక్యాల్లో.

పీటర్ గ్రాంట్ మీద రాసింది ఈ పద్ధతిలో తిరగరాసి పంపు. పంపే ముందు ఎర్ర పెన్నుతో ప్రతి ‘బాగుంది’నీ కొట్టేసి, ఆ ఖాళీలో ఏం జరిగిందో రాయి. రాయడానికి ఏమీ తోచని చోట మొత్తం వాక్యమే తీసేయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ