ఉద్దానం అమ్మాయి సోషియాలజీ చదువుతానంటే...

పలాస-కాశీబుగ్గ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పనికి వెళ్తాను. మా గుంట ఇంటర్ సీఈసీ పాసైంది. మా చెల్లెలు ఆశా వర్కర్. సెలవుల్లో పిన్నితో కలిసి కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు తిరిగి వచ్చిన దగ్గర్నుంచి బీఏ సోషియాలజీ చదువుతానంటోంది. బీకాం కంప్యూటర్స్ అయితే ఎక్కడో ఒకచోట లెక్కలు రాసుకుని బతుకుతుందని మా అన్నయ్య అంటున్నాడు. ఉద్యోగం రాని చదువైతే మేం మోయలేం. ఏం చేయమంటారు?"

అమ్మా, సులువుగా పాసైపోవచ్చని సోషియాలజీ, అంటే సమాజ శాస్త్రం, పెట్టుకునే పిల్లలకు నేను వద్దనే చెబుతాను. మీ అమ్మాయి సంగతి వేరు. రోగులున్న ఇళ్లు చూసి వచ్చి అడుగుతోంది. అందుకే ఆమె మాటను తేలిగ్గా తీసేయకండి. అయినా మీ టెన్షన్ ఉద్యోగం గురించి కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం.

ఒట్టి బీఏ సోషియాలజీ చూసి పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన శ్రీకాకుళంలో అరుదు. దానికి ఇంకోటి తోడవ్వాలి. పోటీ పరీక్షలైతే ఈ సబ్జెక్టు నేరుగా పనికొస్తుంది. 2023 నోటిఫికేషన్‌లో ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ 150 మార్కుల్లో 30 భారతీయ సమాజానికే ఇచ్చారు. సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు, 500 మార్కులు. ఐసీడీఎస్ సూపర్‌వైజర్ పోస్టుకు హోంసైన్స్, సోషల్ వర్క్‌లతో పాటు సోషియాలజీ డిగ్రీ కూడా అర్హతే. అంగన్‌వాడీలు చూసే ఆ ఉద్యోగం మీ అమ్మాయి మనసుకు దగ్గరగా ఉంటుందని నాకు అనిపిస్తోంది. కానీ నోటిఫికేషన్లు ఏటా రావు. వాటినే నమ్ముకుని కూర్చోవద్దు.

రెండో దారి పీజీ. ఎంఏ సోషియాలజీ గానీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గానీ చేస్తే ఆరోగ్య ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, సర్వేలు చేసే సంస్థలు తీసుకుంటాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మనకు దగ్గర. మార్కులు, ధైర్యం ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ రాయవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీజీకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్చరర్ కావాలంటే పీజీలో 55 శాతం తెచ్చుకుని యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్‌క్రీమీలేయర్ ఓబీసీల వంటి వర్గాలకు 50 చాలు. అంటే మూడేళ్లు కాదు, కనీసం ఐదేళ్ల చదువని లెక్క వేసుకోండి. ఆ ఐదేళ్లు మీ ఇల్లు తట్టుకుంటుందా అన్నది అమ్మాయి ముందే కూర్చుని మాట్లాడండి. ఆమెకు తెలియకుండా మీలో మీరు బాధపడొద్దు.

ఇక చదువు సంగతి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో డాక్టరు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూస్తారు. నీళ్లు పరీక్షించేవాళ్లు నీళ్లు చూస్తారు. పలాసలో 2023 చివర్లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. మరి డయాలసిస్‌కు ఎవరు తీసుకెళ్తున్నారు? వెంట వెళ్లినవాళ్ల ఆ రోజు కూలి ఏమవుతోంది? ఇంట్లో మగవాడికి జబ్బు చేస్తే ఎంత తొందరగా ఆసుపత్రికి వెళ్తున్నారు, ఆడమనిషికి చేస్తే ఎంత ఆలస్యం చేస్తున్నారు? అప్పు ఎవరి దగ్గర పుడుతోంది? ఇవి అడిగి, రాసి, ఇంటికీ ఇంటికీ తేడా ఎందుకొచ్చిందో తేల్చేదే సోషియాలజీ. మీ ఫ్యాక్టరీనే తీసుకోండి. జీడి పిక్కలు కొట్టే దగ్గర వాటి రసం తగిలి వేళ్లు కాలుతున్నది ఎవరికి, పప్పు గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు, తూకం కాటా, జీతాల పుస్తకం ఎవరి చేతిలో ఉన్నాయి? మీరు రోజూ చూస్తున్నదే. దాన్ని ఒక పద్ధతిలో చూడటం కాలేజీ నేర్పాలి.

ఫ్రాన్స్‌లో దుర్ఖైమ్ అనే సమాజ శాస్త్రవేత్త 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం వేశాడు. పూర్తిగా సొంత విషయం అనుకునే ఆ చావుల్లో కూడా పెళ్లి, మతం, కుటుంబ బంధాలను బట్టి తేడాలున్నాయని లెక్కలతో చూపించాడు. మన తెలుగు పల్లె కూడా ఈ శాస్త్రంలో ఉంది. ఎస్.సి. దూబే అనే సమాజ పరిశోధకుడు హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద 1955లో వేసిన పుస్తకాన్ని ఇప్పటికీ పాఠంగా చదువుతారు. ఉద్దానం గురించి అలా రాయగలిగేవాళ్లు ఉద్దానం నుంచే రావాలని నాకు బలంగా ఉంది.

చేరితే రెండు పనులు తప్పనిసరి. ఒకటి, స్టాటిస్టిక్స్, ఎక్సెల్ నేర్చుకోవాలి. మీ అన్నయ్య చెప్పిన కంప్యూటర్ ఇలాగైనా వస్తుంది. రెండోది ఇంగ్లీషు. తెలుగులో పాఠ్యపుస్తకాలు ఉన్నా, పైచదువుకు వెళ్లేకొద్దీ చదవాల్సినది ఇంగ్లీషులోనే ఎక్కువ. రోజుకు ఒక పేజీతో మొదలుపెట్టినా చాలు.

ఆన్‌లైన్‌లో డిగ్రీ ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీకి మీరిద్దరూ స్వయంగా వెళ్లండి. సోషియాలజీకి లెక్చరర్ ఉన్నారా, పోయినేడు ఎంతమంది చేరారు, క్లాసులు జరుగుతున్నాయా అని రెండో ఏడాది పిల్లల్ని అడగండి. చేరినవాళ్లు తక్కువైతే గ్రూపు నడపకపోవచ్చు. దగ్గర్లో మంచి కాలేజీ లేకపోతే దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయంలో బీఏ సోషియాలజీ ఉంది, పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే ఇంట్లో కూర్చుని చదివే క్రమశిక్షణ ఉండాలి.

ఇంకా అనుమానంగా ఉంటే ఈ వారమే అమ్మాయికి ఒక పని చెప్పండి. మీ వీధిలో ఇరవై ఇళ్లకు వెళ్లి, విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్లినవాళ్లు ఎవరు, వాళ్లను మొదట ఎవరు తీసుకెళ్లారు, ఇక్కడ ముసలివాళ్లను ఎవరు చూస్తున్నారు అని అడిగి నాలుగు పేజీలు రాయమనండి. ఐదిళ్లకే విసుగొస్తే బీకాంలో చేర్పించండి, అదేం తక్కువ చదువు కాదు. ఇరవై ఇళ్లూ తిరిగి, ఇంకా ఏం అడగాలో తనే చెబితే మొదటి ఆప్షన్‌గా సోషియాలజీయే పెట్టండి. ఆ నాలుగు పేజీలు మీ అన్నయ్య చేత కూడా చదివించండి.